మూత చప్పుడు

ఆ ఇంటికి కుక్క వచ్చింది ముద్దు కోసం కాదు, ప్రమోషన్ కోసం. ఈ మాట ముందే చెప్పేసుకోవాలి. ఎందుకంటే తర్వాత తర్వాత ఆ ఇంట్లో ప్రతి ఒక్కరూ దాన్ని తామెంత ప్రేమించారో చెప్పుకుంటూ తిరిగారు.

తెచ్చినవాడు తమ్ముడు. రంగుల కంపెనీ గోడౌన్‌లో గుమస్తా. డబ్బాలు దింపించడం, ఎక్కించడం, మూత లీకైన డబ్బాల్ని పక్కన పెట్టించడం అతని పని. ఒకసారి ఏవో కాగితాలివ్వడానికి పెద్ద మేనేజరు ఇంటికి వెళ్ళాడు. హాల్లో గోడ నిండా ఫొటోలు. చెరువులు, తుపాకులు, కాళ్ళు కట్టేసిన చచ్చిన బాతులు, వాటి మధ్య పొడుగు చెవుల కుక్క ఒకటి. ఆ కుక్క ఈ మధ్యే పోయిందట. పెళ్ళాం పోయినా ఆయన అంతగా ఏడవడని ఆఫీసులో అనుకున్నారు. తమ్ముడు ఇంటికొచ్చి ఆలోచనలో పడ్డాడు. నెల తిరక్కుండా అదే జాతి పిల్లని ఎక్కడో పట్టుకుని చంకలో పెట్టుకొచ్చాడు.

"స్పానియల్ అంటారు దీన్ని. వేటకుక్క. పొదల్లో దాక్కున్న పిట్టల్ని లేపుతుంది. కొట్టిన పిట్టని నోట కరుచుకొచ్చి చేతిలో పెడుతుంది" అన్నాడు, తనే అరడజను పిట్టల్ని కొట్టొచ్చినట్టు.

"మనింట్లో పిట్టలెక్కడున్నాయిరా?" అంది అక్క.

"పిట్టల కోసం కాదక్కా. రేపు మేనేజరు గారితో మాట్లాడాలంటే నాకూ ఒక సంగతుండాలి కదా."

అక్కంటే ఇస్త్రీ అక్క. వీధి చివర లాండ్రీలో ఆవిరి ఇస్త్రీపెట్టె ముందు నిలబడే మనిషి. తల్లి పోయినప్పుడు తమ్ముడు నిక్కర్లేసుకునే వయసువాడు. వాణ్ణి పెంచింది, చదివించింది, వాడి పెళ్ళి చేసింది. ఆమె పెళ్ళి వద్దని ఎవరూ అనలేదు, పూనుకున్నవాళ్ళూ లేరు. అలా అలా ఆ మాటే పాతబడిపోయింది. ఇప్పుడు తమ్ముడింట్లో వంటగదిని ఆనుకుని ఉన్న చిన్న గది ఆమెది. ఆమెదంటే ఆమె ఒక్కదానిదే అనుకునేరు. పాడైన ఫ్యానూ, ఖాళీ సూట్‌కేసులూ, ఎవరూ పారేయమని చెప్పని పాత పరుపూ కూడా అందులోనే కాపురం.

మంచిదే గానీ నోరు మంచిది కాదని ఆమె గురించి వీధిలో అనుకునేవాళ్ళు. చొక్కా జేబులో నలిగిన కాగితాలు వదిలేసే మగాళ్ళనీ, కాలరు మీద పౌడరు పూసి తెచ్చే ఆడాళ్ళనీ ఆమె ఒకేలా కడిగేసేది. ఆమె వేసిన మడత కత్తిలా ఉంటుందనేవారు. మాట అంతకన్నా పదునని వెనక అనేవారు. ఆమె వస్తుంటే మొహం విప్పారిన మనిషి ఆ వీధిలో లేడు. ఆమె కూడా ఎవర్నీ చూసి మొహం విప్పార్చుకోలేదు. ఇందులో ఒకరికొకరు బాకీ లేరు.

కుక్క వచ్చిన మొదటి వారమంతా ఇంటిల్లిపాదీ దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. పిల్లలు పక్కలో పడుకోబెట్టుకున్నారు. మరదలు దాంతో ఫొటోలు దిగింది. తర్వాత దానికి పళ్ళొచ్చాయి. సోఫా దిండ్లు పేగులు బయటపెట్టుకున్నాయి. తోక ఊపితే బల్ల మీది కప్పులు నేలపాలు. ఆ జాతికి ఒంట్లో ఉన్నది నెత్తురు కాదు, పరుగు. పొద్దున్నే దాన్ని బయట అలిసిపోయేదాకా తిప్పకపోతే ఆ పరుగంతా ఇంట్లోనే తీర్చుకుంటుంది. చెవులు నీళ్ళ గిన్నెలో మునుగుతాయి, తిండి గిన్నెలో మునుగుతాయి. రెండు రోజులు తుడవకపోతే లోపల చీము పట్టి ఇల్లంతా కంపు. కాళ్ళకీ పొట్టకీ వేలాడే జుట్టు బయటి చెత్తనంతా ఊడ్చుకుని లోపలికి తెస్తుంది.

"ఇది కుక్కా, గాలివానా?" అని మరదలు ఒంటికాలి మీద లేచింది. "దీన్నైనా ఉంచండి, నన్నైనా ఉంచండి."

తమ్ముడు ఇద్దర్నీ ఉంచుకునే ఉపాయం ఆలోచించాడు. "అక్కా, నీ గదిలో పడుకోబెట్టుకో. కొన్నాళ్ళే" అన్నాడు. ఆ ఇంట్లో ఎవరికీ అక్కర్లేనివన్నీ చేరే గది అదే కాబట్టి కుక్క కూడా అక్కడికే చేరింది.

అక్క మొహం మాడ్చుకునే ఒప్పుకుంది. మొదటి రోజు "ఛీ, పో" అంది. రెండో రోజు చెవులు తుడిచింది, కంపు భరించలేక. లాండ్రీలో జత తప్పి మిగిలిపోయిన సాక్సులు ఓ పెట్టెడు ఉండేవి. వాటిలో ఒకదాని కొస కత్తిరించి, తిండి పెట్టేటప్పుడు దాని తలకి తొడిగి చెవుల్ని లోపల బిగించింది. పచ్చగళ్ళ సాక్సు నెత్తిన పెట్టుకుని, బారసాల బిడ్డలా కూర్చుని తింటున్న దాన్ని చూసి అక్కకి నవ్వొచ్చింది. ఆ నవ్వు విని మరదలు వంటగదిలోంచి తొంగి చూసింది, ఇంట్లో కొత్త మనిషెవరా అని.

కాగితాల మీద దానికి రైలంత పొడుగు పేరుంది. అక్క దాన్ని చెవులోడా అని పిలిచింది. అదే నిలబడిపోయింది.

పొద్దున్నే రైలు పట్టాలకి అవతల ఉన్న గడ్డి మైదానానికి తీసుకెళ్ళేది. తాడు విప్పితే తిన్నగా పారిపోతుందనుకుంది. పోలేదు. ఆమె ముందు కుడికి కొంత దూరం, ఎడమకి కొంత దూరం, అల్లుకుంటూ పరిగెత్తేది, ముక్కు నేలకి రాసుకుంటూ. ప్రతి మలుపులోనూ ఒకసారి తలెత్తి ఆమె ఉందో లేదో చూసుకునేది. ఎవరూ నేర్పలేదు. దాని పుట్టుకలోనే ఉందట ఆ పని, మనిషికి దూరంగా పోకూడదని. అక్క కావాలని ఒకసారి గడ్డిలో కూర్చుని దాక్కుంది. అది మలుపు తిరిగి ఆమె కనపడక, గాలిని వాసన చూసి, ఉన్నపళంగా పరిగెత్తుకొచ్చి ఒళ్ళో పడింది. తనని ఒక ప్రాణి వెతికింది. అలా వెతకడం ఆమె బతుకులో అదే మొదలు. ఆ పూట పనికి ఆలస్యంగా వెళ్ళింది.

ఇక దాని నోరు. దేన్నైనా కరుచుకొచ్చేది గానీ పన్ను దిగేది కాదు. ఉండగా చుట్టిన సాక్సులు విసిరితే తెచ్చి చేతిలో పెట్టేది. ఒకరోజు సరదాకి కోడిగుడ్డు పెట్టి చూసింది. వాకిట్లోంచి ఇల్లంతా దాటి, పిల్లల కాళ్ళ మధ్య నుంచి, ఊగే తోకతో వచ్చి గుడ్డుని ఆమె అరచేతిలో దింపింది. బీట కూడా లేదు. అక్క మణికట్టు నిండా ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు. గుడ్డు ఇచ్చేశాక ఆ మచ్చల్ని ఒక్కొక్కటీ నాకేది.

సాయంత్రాలు లాండ్రీ నుంచి వచ్చే వేళకి గేటు దగ్గర ఆమె ఇంటి చెప్పుల్లో ఒకదాన్ని నోట పట్టుకుని నిలబడేది. ఎప్పుడూ ఒక్కటే, ఎడమది. ఆమె కుడికాలికి చెప్పు లేకుండా లోపలికి నడిచేది. అక్క సంతోషంగా ఉంది. అంతకన్నా చుట్టూ తిప్పి చెప్పడానికేమీ లేదు. లాండ్రీలో గొడవలు తగ్గాయి. పౌడరు కాలర్లు కూడా మాట పడకుండా బయటపడ్డాయి.

ఆ సంతోషాన్ని తమ్ముడు ఒక్క భోజనంతో తీసేశాడు.

పెద్ద మేనేజర్ని ఇంటికి పిలిచాడు. గోడౌన్ ఇన్‌చార్జి కుర్చీ ఖాళీ అవబోతోంది. ఆయన వచ్చాడు, తిన్నాడు, మెచ్చుకోకుండానే మళ్ళీ వడ్డించుకున్నాడు. తమ్ముడు గుడ్డు సంగతి ఎత్తాడు. "అక్కా, ఒకసారి చూపించు" అన్నాడు. అక్కకీ గొప్పగానే అనిపించింది. అదీ ఆమె చేసిన పొరపాటు. మనకున్న మంచిదాన్ని నలుగురికీ చూపించాలని ఎవరికుండదు? గుడ్డు చెవులోడి నోటికిచ్చి, "సార్‌కి ఇవ్వు" అంది. అది వెళ్ళి మేనేజరు చేతిలో పెట్టింది. ఆయన గుడ్డుని దీపం వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నా కుక్కకి కూడా ఇంత మెత్తని నోరు లేదయ్యా" అన్నాడు.

"మీదే అనుకోండి సార్. తీసుకెళ్ళండి" అన్నాడు తమ్ముడు. ముందుగా అనుకున్న మాట కాదు, నోట్లోంచి దానంతటదే జారింది. జారినందుకు అతను ఎంత పొంగిపోయాడంటే, అక్క వైపు చూడనుకూడా లేదు.

"ఊరికే తీసుకోను" అన్నాడు మేనేజరు చెయ్యి తుడుచుకుంటూ. "బాతులు దిగే రోజులొస్తున్నాయి. చెరువు దగ్గర ఒకసారి చూస్తాను. ముక్కుంది, నోరుంది. ఇక ఒక్కటే చూడాలి, తుపాకీ చప్పుడు. కొన్ని బెదురుతాయి. ఒక్కసారి బెదురు పట్టిందా, బంగారంలాంటి కుక్కైనా దేనికీ పనికిరాదు. అలాంటివాటిని మేం ఉంచుకోం."

గిన్నెలు తీస్తున్న అక్క చెయ్యి ఆగింది. ఆ ఆఖరి ముక్క ఆమె చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

మేనేజరు వెళ్ళగానే అడిగింది. "వాణ్ణి ఇచ్చేస్తావట్రా?"

"ఇవ్వక? ఎందుకు తెచ్చాననుకున్నావు?"

"నేను పెంచానురా."

"నన్నూ పెంచావు. నన్నేమన్నా నీ గదిలో కట్టేసుకున్నావా?" తమ్ముడు నవ్వాడు. తన మాటకి తనే నవ్వుకునే అలవాటు అతనికి చిన్నప్పట్నుంచీ ఉంది. "అక్కా, కుక్క కోసం ఏడిస్తే నలుగురూ నవ్వుతారు. నాకా కుర్చీ వస్తే నీక్కూడా మంచిదే. ఆ గదికి సున్నం వేయిస్తా."

"పోనీలెండి వదినా" అంది మరదలు, చాలా దయగా. "వీధిలో ఊరికే తిరిగేవి బోలెడున్నాయి. ఒకదాన్ని తెచ్చుకోండి." తర్వాత వంటగదిలోకి వెళ్ళి, గోడకవతల అక్కకి వినపడేంత గొంతుతో మొగుడితో అంది: "పిల్లల్లేకపోతే ఇంతే, ఏదో ఒకదానికి అంటుకుపోతారు."

  గోడకివతల చెవులోడు అక్క పాదం మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. ఆమె ఆలోచించింది. ఏడిస్తే నవ్వుతారు. దాచేస్తే వెతుకుతారు. ఎత్తుకుని వెళ్ళిపోవడానికి ఆమెకి ఇంకో గడప లేదు. మిగిలింది ఒక్కటే. వాళ్ళే వద్దనాలి.

మర్నాడు మైదానానికి వెళ్తూ సంచిలో పెద్ద గిన్నె మూతా, ఇనప గరిటే పెట్టుకుంది.

మొదటి దెబ్బ కాస్త దూరం నుంచి కొట్టింది. చెవులోడు గడ్డిలోంచి తలెత్తి చూసి, ఇదేదో కొత్త ఆటనుకుని తోకూపుకుంటూ వచ్చేసింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే దాని మీదే కోపమొచ్చింది. "భయపడవేంరా, చచ్చినోడా! భయపడకపోతే తీసుకుపోతార్రా!" అని తిట్టింది. దానికి తిట్లు అలవాటే. ముద్దుగా తిన్నది.

అప్పుడామెకి అర్థమైంది, దూరం చప్పుడుతో పని కాదు. దాని ప్రాణం దేనిమీద ఉంటుందో అక్కడ కొట్టాలి. సాక్సుల ఉండ విసిరింది. చెవులోడు వెతికి పట్టుకుని, తల ఎత్తి, చెవులు రెండూ గాల్లో ఎగురుతుండగా ఆమె కోసం పరిగెత్తుకొచ్చింది. చేతిలో పెట్టబోయే క్షణంలో, దాని తల పక్కనే, మూత మీద గరిటెతో బలంకొద్దీ కొట్టింది.

ఉండ కింద పడింది. చెవులోడు నేలకి కరుచుకుపోయింది. చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో దానికి తెలియలేదు. ఆకాశం వైపు చూసింది, పట్టాల వైపు చూసింది. ఆ వచ్చిందేదో దాన్నుంచి కాపాడమని ఆమె కాళ్ళ మధ్యకి దూరింది. వణుకుతోంది. మోకాళ్ళకి ఆ వణుకు తెలుస్తోంది.

ఆమె మళ్ళీ కొట్టింది.

ఆ తర్వాత దాన్ని ఒళ్ళోకి తీసుకుని ఏడ్చింది, ఉడికించిన గుడ్డు తినిపించింది, "నీకోసమేరా నాన్నా, నీకోసమే" అంది. ఎవరి కోసమో చెవులోడు అడగలేదు. అడగని వాళ్ళకి ఏదైనా చెప్పొచ్చు.

రోజూ అదే. చెవుల్లో దూది పెట్టుకునేది, తన చెవుల్లో. ఆ చప్పుడు ఆమెకే భరించరానిదిగా ఉండేది మరి. కొన్నాళ్ళకి ఉండ విసిరితే చెవులోడు వెళ్ళేది గానీ దాని దగ్గరే నిలబడి వెనక్కి చూసేది, తేవడమా మానడమా అని. ఇంకొన్నాళ్ళకి వెళ్ళడం మానేసింది. గడ్డిలో ఆ అల్లికల పరుగు ఆగిపోయింది. ఆమె పక్కనే, పొట్ట నేలకి తగిలేలా నడిచేది. గేటు దగ్గర చెప్పు కూడా కనపడటం మానేసింది. అక్క చూసింది. చూసి కూడా, పని అవుతోందని మనసులో అనుకుంది. బెదురు పట్టినట్టే.

ఆమె ధీమా ఒకటే. ఈ గండం గడిస్తే మళ్ళీ మామూలు చేసుకోవచ్చు. ఇన్నేళ్ళ పనిలో ఆమె చేతికి లొంగని మడత లేదు. తడిపి, ఓపిగ్గా ఒత్తితే ఎంత మొండి మడతైనా పోవాల్సిందే. మొండి మడతలంటే ఆమెకి ఒక రకమైన ఇష్టం కూడా.

చెరువు దగ్గరికి వెళ్ళే రోజు వచ్చింది. "నువ్వూ రావాలక్కా, నా మాట వినదది" అన్నాడు తమ్ముడు. కారులో ముందు మేనేజరూ, ఆయన స్నేహితుడూ. వెనక తమ్ముడూ, అక్కా, మధ్యలో చెవులోడూ. తమ్ముడు ఆ రోజు కోసం కొత్త బూట్లు కొన్నాడు. దారి పొడుగునా మేనేజరు వేట కబుర్లు చెప్పాడు, తమ్ముడు ప్రతి కబురుకీ ముందే నవ్వాడు.

చెరువంతా పొగమంచు. రెల్లు గడ్డి తడితడిగా ఉంది. గడ్డి వాసన తగలగానే చెవులోడి ముక్కు అదిరింది. అంత జరిగాక కూడా, దాని పుట్టుక దాన్ని లాగింది. గడ్డిలోకి దూకింది. కుడికి, ఎడమకి, మళ్ళీ కుడికి. మేనేజరు ఊపిరి బిగబట్టి, "చూడవయ్యా, చూడు! గీత గీసినట్టు వెళ్తోంది!" అని స్నేహితుడి భుజం మీద కొట్టాడు.  ఇంతా చేసి, పని జరగలేదా అనుకుంది అక్క. అంత అందంగా అది పరిగెత్తడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అంత అందంగా పరిగెత్తొద్దని తనకి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

బాతులు రెక్కలు టపటపలాడించుకుంటూ లేచాయి. తుపాకీ పేలింది.

చెవులోడు అరిచిన అరుపు కుక్కదిలా లేదు. గిరుక్కున తిరిగి వెనక్కి పరిగెత్తింది. అక్క రెండు చేతులూ చాచి గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. "రా నాన్నా, రా!" పనైపోయింది. ఇక అది తనది. ఆ పరుగు తన ఒళ్ళోకే, గడ్డిలో దాక్కున్న రోజులాగే.

అది ఆమెని చూసింది. చాచిన చేతుల్ని చూసింది. పరుగు మధ్యలోనే కాళ్ళు తన్నిపెట్టి ఆగి, పొట్ట మీద పాకి, చుట్టూ తిరిగి వెళ్ళి తమ్ముడి కాళ్ళ మధ్య దూరింది. అతని కొత్త బూట్లు తడిసిపోయాయి.

మేనేజరు స్నేహితుడు పగలబడి నవ్వాడు. మేనేజరు నవ్వలేదు. ఏడుపు మొహంతో తుపాకీ మడిచి, "దీన్ని నాకు అంటగడదామనుకున్నావా?" అన్నాడు. "ఎవడో పాడుచేశాడు దీన్ని. ఇలాంటి కుక్కని ఇలా చేసినవాణ్ణి నిలబెట్టి కాల్చాలి." తర్వాత తమ్ముణ్ణి కింద నుంచి పై దాకా చూశాడు, తడిసిన బూట్లూ, వణుకుతున్న కుక్కా, దానికన్నా కాస్త తక్కువగా వణుకుతున్న మనిషీ. "సరిపోయారు ఒకరికొకరు" అన్నాడు.

దానికీ తమ్ముడు నవ్వబోయాడు గానీ ఆ నవ్వు సగంలో విరిగిపోయింది.

అక్కడ తమ్ముడు కుక్కని తన్ని ఉంటే ఈ కథ అక్క అనుకున్నట్టే ముగిసేది. తన్నుతాడనే ఆమె అనుకుంది. అతను కిందకి చూశాడు. తన పిక్కల్ని ముందు కాళ్ళతో చుట్టేసి, కళ్ళు మూసుకుని అతుక్కుపోయిన ప్రాణిని చూశాడు. కాపాడమని అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో అక్క కాపాడేది, ఆఫీసులో ఎవరూ కాపాడరు. వంగి దాన్ని ఎత్తుకున్నాడు. "భయపడింది సార్, పాపం" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన కళ్ళల్లోకి చూసి అన్నాడు. తిరుగు ప్రయాణంలో చెవులోడు దారంతా అతని కోటులో మొహం దాచుకునే ఉంది. అక్క పక్కనే కూర్చుంది. మధ్యలో జాగా ఖాళీగా ఉంది.

గోడౌన్ కుర్చీ వేరేవాడికి పోయింది. తమ్ముడు నాలుగు రోజులు మొహం వేలాడేసుకున్నాడు. తర్వాత వీధిలో కొత్త కథ మొదలైంది: మేనేజరు కాళ్ళావేళ్ళా పడి అడిగినా కుక్కని ఇవ్వలేదట, అందుకే కుర్చీ పోయిందట. "ప్రాణంకన్నా కుర్చీ ఎక్కువా అండీ?" అనేవాడు తమ్ముడు, కుక్క తల నిమురుతూ. మరదలు పక్కనుండి, "మావారికి జాలెక్కువ" అనేది. కొన్నాళ్ళకి వాళ్ళిద్దరూ ఆ కథని నిజంగానే నమ్మారు. చెవులోడి పక్క తమ్ముడి మంచం కిందకి మారింది. చెవులు తుడవడం తమ్ముడు నేర్చుకున్నాడు. మైదానానికి కూడా అతనే తీసుకెళ్ళేవాడు.

అక్క తన పని మొదలుపెట్టింది, మడత తీసే పని. గుడ్డు ఉడికించి అరచేతిలో పెట్టుకుని వంటగది గుమ్మంలో కూర్చునేది. చెవులోడు బల్ల కింద నుంచి చూసేది. వచ్చేది కాదు. గుడ్డు నేలమీద పెట్టి వెళ్ళిపోతే, వెళ్ళిందని నమ్మకం కుదిరాక వచ్చి తినేది. ఆమె గొంతు మెత్తగా చేసుకుంది. లాండ్రీలో కూడా మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టింది, అలవాటు తప్పకూడదని. వంటగదిలో ప్రతి మూతకీ పాత సాక్సు గుడ్డ చుట్టింది. మూత తీసేటప్పుడు రెండు చేతులతో, నిద్రపోయే పిల్లని ఎత్తినట్టు ఎత్తేది. ఆ వీధిలో ఏ ఇంట్లోనూ లేనంత నిశ్శబ్దంగా ఉండేది ఆ వంటగది. అయినా ఆమె చెయ్యి గిన్నె వైపు వెళ్తే చాలు, ముందుగదిలో పడుకున్న చెవులోడు లేచి మంచం కిందకి వెళ్ళిపోయేది. చప్పుడు అక్కర్లేదు దానికి. ఆమె చెయ్యి చాలు.

మడత వేరు, మాడు వేరు. మడత తడిపితే పోతుంది. మాడిన చోట గుడ్డే మారిపోతుంది. లాండ్రీలో మాడిన బట్టలు పట్టుకుని మొహాలు వేలాడేసిన వాళ్ళకి ఆమె రోజూ చెప్పే సంగతే ఇది. తనదాకా వచ్చేసరికి ఏడాది పట్టింది ఒప్పుకోవడానికి.

"నువ్వంటే ఎందుకక్కా దానికంత భయం?" అని ఒకరోజు భోజనాల దగ్గర అడిగాడు తమ్ముడు. "నువ్వేమన్నా చేశావా దాన్ని?"

"నేనేం చేస్తానురా" అంది అక్క.

"ఎవడో పాడుచేశాడన్నాడు ఆయన. ఎవడై ఉంటాడంటావు?"

"వీధిలో ఎవడో."

"కుక్కలకి మనుషులు తెలుస్తారండీ" అంది మరదలు, నీళ్ళు పోస్తూ. అక్క తల దించుకుని తింది. ఆ మాట అన్నందుకు మరదలి మీద కోపం తెచ్చుకుందామని చూసింది. ఎంత వెతికినా కోపం దొరకలేదు.

ఆ ఏటి వానల తర్వాత ఒక సాయంత్రం లాండ్రీ నుంచి వస్తోంది. దూరం నుంచే గేటు కనపడింది. గేటు దగ్గర చెవులోడు నిలబడి ఉంది. నోట్లో చెప్పుంది.

అక్క కాళ్ళు ఆగిపోయాయి. తర్వాత వాటంతటవే పరుగు లంకించుకున్నాయి. చెవులోడు తోకూపుతోంది, ఒళ్ళంతా ఊగిపోయేంతగా, పాత రోజుల్లోలాగే. తల ఎత్తి, చెవులు వెనక్కి పెట్టి, కళ్ళు మెరుస్తూ వీధిలోకే చూస్తోంది. ఆమె గేటు దాకా వెళ్ళింది. వంగి, అరచెయ్యి చాచింది, మచ్చలున్న చెయ్యి.

"చెవులోడా!" అని వెనక నుంచి తమ్ముడి కేక వినపడింది. ఆఫీసు నుంచి వస్తున్నాడు.

చెవులోడు చాచిన చేతిని అప్పుడే చూసింది. తోక ఆగింది. గేటు చువ్వలకి ఒళ్ళు రాసుకుంటూ, ఆమెకి ఎంత దూరంగా పోగలదో అంత దూరంగా జరిగి నిలబడింది. చెప్పు మాత్రం నోట్లోంచి వదల్లేదు. మగవాళ్ళ చెప్పు. పన్ను గాటు ఒక్కటి లేదు. ఆమె అడ్డంగా ఉన్నంతసేపూ అది కదల్లేదు.

"కాస్త జరగక్కా, నిన్ను చూసి రావట్లేదు" అన్నాడు తమ్ముడు.

అక్క జరిగింది. గేటు చప్పుడు కాకుండా రెండు చేతులతో పట్టుకుని, వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళేదాకా తెరిచి ఉంచింది.